మిల్లు లెక్క, ఆఫీసు లెక్క

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు పది రోజుల కిందట ఫోను చేసి, "ప్రత్యేక సంచికకు కూడా పనికొస్తుంది, ఏదైనా మాట్లాడండి. బి.పి., షుగరు మాత్రం వద్దు, వాటికి డాక్టరుగారు వస్తున్నారు" అన్నారు. చిన్న ఫ్యాక్టరీలవాళ్ళు ఏ సాఫ్ట్‌వేరు కొనుక్కోవాలి అన్న విషయం చెబుతానన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "మీరు టైపు మిషను కాలంవారు కదండీ" అన్నారు చివరికి. నిజమే. 2008లో నేను రిటైరయ్యేనాటికి మా సెక్షనుకు ఒకటే కంప్యూటరు. దానిమీద దుమ్ము పడకుండా గుడ్డ కప్పి ఉంచేవాళ్ళం. అయినా ఈ విషయం మన సభలో ఎందుకు ఎత్తానో వింటే మీరూ ఒప్పుకుంటారు.

మనవాళ్ళలో ఎవరి కొడుకో, అల్లుడో, మేనల్లుడో చిన్న ఫ్యాక్టరీ నడుపుతూంటే చేతులెత్తండి అంటే చాలా చేతులే లేస్తాయి. మండపేట వైపు బియ్యం మిల్లులు, సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం, మోరిలో జీడిపప్పు, కోనసీమలో కొబ్బరి పీచు, భీమవరం వైపు రొయ్యలు. వాటి అప్పు కాగితాల మీద హామీ సంతకం ఎవరిదండీ? మనదే. నా కమ్యుటేషను సొమ్ములో నాలుగు లక్షలు ఎఫ్.డి. వేసి, ఆ రసీదును మా మేనల్లుడి మిల్లు అప్పుకు హామీగా బ్యాంకులో పెట్టాను. "రసీదు ఎప్పుడు తెస్తారు" అని మా ఇంటావిడ ఇప్పటికీ అడుగుతూంటుంది. అందుచేత ఆ మిల్లులో ఏ కంప్యూటరు కొంటున్నారో, ఎందుకు కొంటున్నారో నాకు పట్టింది.

ముందు ఈ రెండు రకాలు ఏమిటో మనవి చేస్తాను. ఒకటి ఇ.ఆర్.పి. వ్యాపారమంతా ఒకచోట చూసే సాఫ్ట్‌వేరు. కొనుగోలు, అమ్మకం, సరుకు నిల్వ, బాకీలు, జీతాలు, పన్నులు, రాబోయే నెలకు ఎంత సరుకు కావాలి అన్న అంచనా, అన్నీ అందులోకి వస్తాయి. ఆ పేరు 1990లో గార్ట్‌నర్ అనే అమెరికా సంస్థ పెట్టింది. మనకిది కొత్తేమీ కాదు. 2018లో మన రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన సి.ఎఫ్.ఎం.ఎస్. అదే జాతిది. దాని అడుగున పనిచేసేది శాప్ అనే జర్మనీ కంపెనీ సాఫ్ట్‌వేరు. ఆ కంపెనీ పుట్టింది 1972లో. అంటే మనందరం ఒక ఇ.ఆర్.పి.లో నంబర్లుగా ఇప్పటికే ఉన్నామన్నమాట.

రెండోది ఎం.ఇ.ఎస్. మనవాళ్ళు వెంటనే మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్ అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని మా మేనల్లుడితో "వాళ్ళకీ మీ మిల్లుకీ ఏం సంబంధంరా" అని అడిగాను. కాదట, మాన్యుఫాక్చరింగ్ ఎగ్జిక్యూషన్ సిస్టమట. ఇది యంత్రాల దగ్గర కూర్చునే సాఫ్ట్‌వేరు. ఈ గంటలో ఎన్ని బస్తాలు పోశారు, ఎన్ని వచ్చాయి, ఏ మిషను ఎన్ని నిమిషాలు ఆగింది, ఎందుకు ఆగింది, ఏ లాటులో సరుకు పాడయింది, ఇవన్నీ పని జరుగుతూండగానే పట్టుకుంటుంది. 2000 సంవత్సరంలో అమెరికాలో యంత్రపరికరాల నిపుణుల సంఘం ఒకటి దీనికి మెట్లు కట్టింది. కింది మెట్లలో యంత్రాలు, మీటర్లు, స్విచ్చులు. అక్కడి లెక్క సెకన్లలో. మూడో మెట్టు ఈ ఎం.ఇ.ఎస్. దాని లెక్క నిమిషాలు, గంటలు, షిఫ్టులు. నాలుగో మెట్టు ఇ.ఆర్.పి. దాని లెక్క రోజులు, వారాలు, నెలలు.

ఈ ముక్క చదివినప్పుడు నాకు 1986 ఆగస్టు గుర్తుకు వచ్చింది. ఆ నెల 16న ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. ఇక్కడున్న పెద్దల్లో చాలామంది ఆ వారం నిద్రపోలేదు. గేజి దగ్గర నిలబడి గంటగంటకు నీటిమట్టం రాసేవాడు ఒకడుంటాడు. ఆఫీసులో గట్ల మరమ్మతుకు ఎస్టిమేటు వేసి, ఏ పద్దు కింద నిధులున్నాయో చూసేవాడు ఒకడుంటాడు. మొదటివాడు మూడో మెట్టు, రెండోవాడు నాలుగో మెట్టు. వరద రాత్రి ఎస్టిమేటు చూసి ఊరిని ఖాళీ చేయించలేం. అలాగని గేజి పుస్తకం చూపించి ట్రెజరీలో బిల్లు పాసు చేయించుకోనూ లేం. ఇద్దరూ కావాలి. కాని జీతం ఇవ్వడానికి ఒక్కడికే సొమ్మున్నప్పుడు ఎవరిని ముందు పెట్టుకోవాలి? మా మేనల్లుడి ఇబ్బంది సరిగ్గా అదే.

వాడికి మండపేట దగ్గర పచ్చిబియ్యం మిల్లు ఉంది. సార్వాలో ఎక్కువగా స్వర్ణ ఆడతాడు. అదే, మార్టేరు పరిశోధన కేంద్రంవారి ఎం.టి.యు. 7029. సొంత కొనుగోలు కొంత, ప్రభుత్వ ధాన్యం కొంత. ప్రభుత్వ ధాన్యం వంద కిలోలు ఇస్తే పచ్చిబియ్యం 67 కిలోలు తిరిగి అప్పగించాలి. ఉప్పుడు బియ్యమైతే 68. తక్కువ వస్తే ఆ తక్కువ మిల్లరు చేతినుంచి పడుతుంది. ఊక, తవుడు, నూకల సొమ్ము ఉన్నా, ఈ 67 అన్న అంకె చుట్టూనే మిల్లు బతుకంతా తిరుగుతుంది.

2017లో జి.ఎస్.టి. వచ్చాక వాడు ట్యాలీ వాడటం మొదలుపెట్టాడు. 1986లో బెంగుళూరులో పుట్టిన సరుకది, మన గుమాస్తాలకు బాగా అలవాటయింది. 2021లో హైదరాబాదు నుంచి టై కట్టుకున్న కుర్రవాళ్ళు ఇద్దరు వచ్చి రంగు రంగుల బొమ్మలు చూపించారు. "మావయ్యా, ఇంక ఇంట్లో కూర్చుని మిల్లంతా ఫోనులో చూసుకోవచ్చు" అన్నాడు వీడు. పెద్ద ఇ.ఆర్.పి. కొన్నాడు. అన్నీ కలిపి ఏడు లక్షల పైచిలుకు. ఆ కుర్రవాళ్ళు మోసగాళ్ళేం కారు. చెప్పినవన్నీ పెట్టి, నేర్పించి వెళ్ళారు.

మరుసటి ఏడాది వేసవిలో నిల్వ సరుకు స్వయంగా లెక్కపెడితే కంప్యూటరు చెప్పిన దానికంటే బియ్యం 180 క్వింటాళ్ళు తక్కువ తేలింది. సుమారు ఆరు లక్షల సరుకు. వాడి ముఖాన నెత్తురుచుక్క లేదు. దొంగతనమనుకున్నాడు. వాచ్‌మన్‌ని మార్చాడు, కెమెరాలు పెట్టించాడు, ఇరవై ఏళ్ళుగా ఉన్న గుమాస్తా మీద అనుమానపడ్డాడు. ఇంట్లో వాడి భార్యకు నిద్ర లేదు. నా ఎఫ్.డి. మాట నేను ఎత్తలేదు గాని, మా ఇంటావిడ ఎత్తింది.

నేను వెళ్ళి ఆ ఎనిమిది నెలల రోజువారీ కాగితాలు అచ్చుతీయమన్నాను. పాత గుమాస్తాను కదా, తెరమీద కంటే కాగితం మీద నాకు బాగా కనబడుతుంది. ధాన్యం ఎంత పోశారు, బియ్యం ఎంత వచ్చింది అన్న గడులు చూసుకుంటూ వెళ్ళాను. మొదటి రోజు వందకి 67. రెండో రోజు 67. వర్షం పడిన రోజు 67, కరెంటు పోయిన రోజు 67, తడిసిన ధాన్యం వచ్చిన రోజూ 67. ఒక్క రోజూ 66 లేదు, 68 లేదు.

నా సర్వీసులో ఒక చోట, పేరెందుకులెండి, రోడ్డు రోలరు లాగు బుక్కు నా దగ్గరికి వచ్చేది. అందులో ప్రతిరోజూ ఎనిమిది గంటల పని రాసి ఉండేది. 1996 నవంబరు 6న కోనసీమను తుపాను ఊడ్చేసింది, ఎవరూ మరచిపోలేదు. మర్నాడు, అంటే 7వ తేదీన కూడా ఆ రోలరు ఎనిమిది గంటలు పనిచేసినట్టు రాసి ఉంది. ఆ వేళ రోలరు మొలలోతు నీళ్ళలో ఉంది. రిజిష్టరులో రోజూ ఒకే అంకె కనబడిందంటే, రాసినవాడు చూసి రాయలేదని అర్థం.

మిల్లు గుమాస్తాని పక్కకు పిలిచి కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇప్పించి, మెల్లిగా అడిగాను. "ఆయ్, నిజమేనండి" అన్నాడు. "రాత్రి ఆడిన బస్తాలు పొద్దున్న లారీకి ఎక్కించేదాకా లెక్కకు రావండి. పన్నెండయ్యేసరికి కంప్యూటరేమో రోజు మూసెయ్యమంటాదండి. ఖాళీగా వదిలితే ముందుకు వెళ్ళనివ్వదండి. అంచేత ధాన్యం ఎంతో చూసుకుని అరవై ఏడుతో గుణించి వేసేస్తన్నానండి." దొంగ ఎవరూ లేరు. ఏడు లక్షల యంత్రం నోట్లో రోజూ ఒక ఊహ వేస్తూంటే, అది ఆ ఊహనే అందంగా కూడికలు వేసి, రంగుల బొమ్మలు గీసి చూపిస్తోంది. అంతే. ఆ 180 క్వింటాళ్ళు ఎప్పుడూ బియ్యంగా పుట్టనే లేదు.

అప్పుడు వాడికి ఒక పొడుగు నోటుపుస్తకం కొనిపెట్టాను. రూలు కట్ట పెట్టి నేనే గీతలు గీశాను. గంట, పోసిన ధాన్యం, వచ్చిన బియ్యం, నూకలు, తవుడు, మిషను ఆగిన నిమిషాలు, ఎందుకు ఆగింది, ఆఖరి గడిలో పాలిషరు మోటారు మీద ఆంపియర్లు. ఆ చివరి గడి నా బుర్రలోది కాదు. మిల్లు ఆపరేటరే చెప్పాడు. పాలిషరులో గింజ మీద ఒత్తిడి పెంచితే మోటారు భారంగా లాగుతుందనీ, అది అమ్మీటరు ముల్లు చెబుతుందనీ. ఇరవై ఏళ్ళుగా అతనికి తెలిసిన సంగతి అది. ఎవరూ అడగలేదు, రాసుకోవడానికి గడీ లేదు.

సార్వా ధాన్యం ఆడే రోజుల్లో ఆరు వారాలు రాయించాం. మొదటి వారం పుస్తకమంతా నూనె మరకలే. రెండో వారం నుంచి అంకెలు మాట్లాడటం మొదలుపెట్టాయి. పగటి షిఫ్టులో 67కి అటూ ఇటూ వస్తోంది, రాత్రి షిఫ్టులో 66 దాటడం లేదు. రాత్రి ఆంపియర్లు ఎక్కువ, తవుడు ఎక్కువ. బియ్యం తెల్లగా లేకపోతే వెనక్కి పంపుతారేమోనని భయపడి రాత్రి కుర్రాడు ఒత్తిడి బిగించేస్తున్నాడు. బియ్యం కాస్తా తవుడులోకి పోతోంది. రెండోది ఎలివేటరు బెల్టు. రోజుకు పది పన్నెండుసార్లు ఆగుతోంది, ఆగినప్పుడల్లా రెండు మూడు నిమిషాలే. యజమాని కంటికి ఆనదు. కాని మళ్ళీ మొదలెట్టిన ప్రతిసారీ కాసేపు నూక ఎక్కువగా పడుతోంది.

ఒక్క శాతమే కదా అంటారేమో. ఆ మిల్లు రోజుకు 400 క్వింటాళ్ళ ధాన్యం ఆడుతుంది. వందకి ఒక కిలో పోతే రోజుకు నాలుగు క్వింటాళ్ళ బియ్యం. అది పూర్తిగా పోదు, తవుడుగానో నూకగానో కొంత సొమ్ము వస్తుంది. కిలోకు తేడా 15 రూపాయలే అనుకున్నా రోజుకు రు. 6,000. వంద రోజుల ఆటకు ఆరు లక్షలు. ఇది ఆఫీసు గదిలో పోయిన సొమ్ము కాదు. పాలిషరు దగ్గర, రాత్రి పదకొండు తర్వాత పోయిన సొమ్ము. దాన్ని ఆఫీసు సాఫ్ట్‌వేరు ఎన్నాళ్ళు చూసినా పట్టుకోలేదు.

ఈ సంగతి తేలేసరికి మా వాడికి ఇంకో పిచ్చి పట్టింది. "మావయ్యా, అయితే ఎం.ఇ.ఎస్. కొనేద్దాం" అన్నాడు. పదకొండు లక్షల కొటేషను తెచ్చాడు. ప్రతి మిషనుకూ సెన్సారు, గోడకు పెద్ద తెర, ఇంకా ఏవేవో. "ఒరేయ్, మొన్న మందు మార్చి వేసుకున్నావు, ఇప్పుడు మోతాదు మించి వేసుకుంటానంటున్నావు" అన్నాను. వాడికి కోపం వచ్చింది. రెండు రోజులు ఫోను చెయ్యలేదు. మూడో రోజు వాడే వచ్చి నోటుపుస్తకం తిరగేస్తూ, "ఇందులో మనం రోజూ చూసుకునే గడులు నాలుగే మావయ్యా" అన్నాడు. ఆ నాలిగింటికే మిషన్లు పెట్టించాడు. ధాన్యం పోసే దగ్గర తూకం, బియ్యం వచ్చే దగ్గర తూకం, ఆంపియర్లు తనంతట తాను రాసుకునే మీటరు, మిషను ఆగితే కారణం నొక్కడానికి తెలుగు అక్షరాలున్న ఒక టాబ్లెట్టు. లక్షన్నరలో అయిపోయింది. మిల్లు తూకాలు రోజూ పొద్దున్న ఆఫీసు కంప్యూటరులోకి వెళతాయి. 67తో గుణించే పని గుమాస్తాకు తప్పింది. అతనికి మా వాడు క్షమాపణ చెప్పుకున్నాడు. అది నేను చెప్పించిందే.

అయితే అందరికీ మిల్లు లెక్కే ముందు అని నేను చెబితే పొరపాటవుతుంది. నా మిత్రుడి కొడుకు అంబాజీపేట వైపు కొబ్బరి పీచు యూనిట్ నడుపుతున్నాడు. వాడూ నోటుపుస్తకం పెట్టాడు. నెల రాసినా అందులో ఏమీ తేలలేదు. డొక్క వేస్తే పీచు వస్తోంది, యంత్రం బాగానే తిరుగుతోంది. వాడి సొమ్ము పోయేది వేరేచోట. డొక్కలకు ముందుగా ఇచ్చిన అడ్వాన్సులు ఎవరి దగ్గర ఎంత ఉన్నాయో తెలియదు. ఏ ఆర్డరుకు లారీ కిరాయి పోగా ఏం మిగిలిందో తెలియదు. కొన్నవాడు మూడు నెలలకు గాని డబ్బు ఇవ్వడు. సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర సరుకు కొన్నవాడు 45 రోజుల్లో డబ్బు చెల్లించాలని, లేకపోతే వడ్డీ ఇచ్చుకోవాలని 2006 చట్టంలోనే ఉంది. కాని ఏ బిల్లు ఏ తేదీదో తన దగ్గర లెక్క లేనివాడు ఎవరిని అడుగుతాడు? వాడికి ఆఫీసు లెక్కే ముందు. అదీ మొదట ట్యాలీ సరిగా వాడుకుంటే చాలు. పది మంది పనివాళ్ళున్న చోట పెద్ద ఇ.ఆర్.పి. కొనడం, సంతకు వెళ్ళడానికి లారీ కొనడం లాంటిది.

రొయ్యల సంగతి ఇంకో తీరు. భీమవరం వైపు రొయ్యలు శుద్ధిచేసి అమెరికా, ఐరోపా పంపే ప్లాంట్లలో ఏ చెరువు రొయ్య ఏ పెట్టెలోకి వెళ్ళిందో చూపించాలి. అక్కడ పరీక్షలో మందు అవశేషం బయటపడితే కంటైనరు తిరిగి వస్తుంది. సముద్రాహారానికి దశదశకూ తనిఖీ రికార్డులు ఉండాలని అమెరికా 1997 నుంచీ అమలు చేస్తోంది. అంచేత వాళ్ళకు లాటువారీ లెక్క ఇష్టాయిష్టాలతో పనిలేని సంగతి. వాళ్ళ పిల్లలు ఇక్కడ ఉంటే నాకంటే బాగా చెబుతారు.

పిల్లలు సంతకం పెట్టబోయే ముందు మనం, ఏమీ తెలియని ముసలివాళ్ళలాగా, కొన్ని అడగవచ్చు. కరెంటో ఇంటర్నెట్టో పోయిన గంటలో లెక్క ఎక్కడ ఉంటుంది? మన లెక్కలు మనం ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి తీసుకోవచ్చా, లేక ఏటేటా రుసుము కట్టకపోతే తలుపు మూసుకుంటుందా? ఆ ఏటి రుసుము ఎంత? రాత్రి షిఫ్టు కుర్రాడు తెలుగులో చదువుకోగలడా? అమ్మేవాళ్ళు బొమ్మలు చూపించేటప్పుడు వాళ్ళ లెక్కలతో కాక మన మిల్లు నిన్నటి లెక్కలతో చూపించమనండి. మా వాడి దగ్గరికి రెండోసారి వచ్చినవాళ్ళను నేను అదే అడిగాను. వారం తర్వాత వస్తామన్నారు, రాలేదు. ఇ.ఆర్.పి.ల్లో రుసుము లేకుండా దొరికేవీ ఉన్నాయి, మన దేశంలో తయారైన ఇ.ఆర్.పి.నెక్స్ట్ అలాంటిదే. కాని సాఫ్ట్‌వేరు ఉచితమైనా, దాన్ని మన పనికి అమర్చేవాడు ఉచితంగా రాడు.

మా మేనల్లుడి ఏడు లక్షలు తిరిగి రాలేదు. ఆ పెద్ద ఇ.ఆర్.పి.లో కొనుగోలు, నిల్వ భాగాలు మాత్రం ఉంచుకున్నాడు, మిగతావాటికి రుసుము మానేశాడు. కిందటి సార్వాలో రాత్రి షిఫ్టు కూడా 67 దగ్గరికి వచ్చింది. కొన్ని రోజులు 66.4, కొన్ని రోజులు 67.3. ఆ హెచ్చుతగ్గులు చూస్తే నాకు ధైర్యంగా ఉంటుంది. బ్యాంకు అప్పు ఇంకా రెండు వాయిదాలుంది. అవి తీరితే రసీదు ఇంటికి వస్తుందని మా ఇంటావిడకు మాట ఇచ్చాను.

నూనె మరకల నోటుపుస్తకం ఈ సంచిలో తెచ్చాను. కాఫీల దగ్గర కావలసినవారు చూడవచ్చు. గీతలు ఎలా గీయాలో మీ పిల్లలకు చూపించాలంటే ఫోటో తీసుకోండి. పుస్తకం మాత్రం నాకు తిరిగి ఇచ్చేయాలి, మా వాడు అడుగుతున్నాడు. సెలవు.